వ్యోమగాముల కంటికి మేలు చేసే పోషకాలను మన వంటలో కాపాడుకోవడం ఎలా?

నెలల తరబడి అంతరిక్షంలో గడిపిన కొందరు వ్యోమగాములకు కంటినరం మొదలు వాచి, కనుగుడ్డు వెనుకభాగం చదునై, దగ్గరి అక్షరాలు మసకబారుతాయి. అలా చూపు మారినవారి రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉందని 2012లో నాసా పరిశోధకులు వెల్లడించడంతో, దానిని అదుపులో ఉంచే ఫోలేట్, బి12 విటమిన్లపై దృష్టి పడింది. మాత్రలతో ఆ వాపు ఆగుతుందని ఇంకా రుజువు కాలేదు.

శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది కనుక, పిల్లలు ఈ సంగతి అడిగినప్పుడు వంటింట్లోనే చూపించవచ్చు. ఆకుకూరల్లో ఉండే ఫోలేట్ నీటిలో కరిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికితే నశిస్తుంది. అందుచేత ఆకుకూరను కడిగిన తరువాతే తరిగి, కందిపప్పు మెత్తబడ్డాక వేసి, మూతపెట్టి, ఆకు వాడి రంగు ముదరగానే దించాలి. ఆకుపచ్చగా మారిన ఆ నీటిని పారబోయకుండా పప్పులోనే ఎనపాలి. రెటీనాకు అవసరమైన, ఆకుకూరలోని లూటీన్ అనే పసుపు వర్ణకం కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది కాబట్టి, వేరుసెనగ నూనెతో తాలింపు తప్పనిసరిగా పెట్టి, రాగిసంగటిలోకి వడ్డించాలి.

బి12 మాత్రం ఆకుకూరల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు తీసుకోవాలి. వాటిని ముట్టనివారు వైద్యుని అడిగి మాత్రలు వాడాలే తప్ప, ఫోలిక్ ఆమ్లం ఒక్కటే సొంతంగా మింగకూడదు. అది రక్తహీనతను కప్పిపుచ్చితే, బి12 లోపం నరాలను లోలోపల దెబ్బతీస్తూనే ఉంటుంది.