గోదారి ఒడ్డున టెంటు వేసుకుని ఇంటిల్లిపాదీ ఒక రాత్రి హాయిగా గడపడం ఎలా?

పదేళ్ళుగా ఏటా చలికాలంలో రెండుసార్లయినా ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని గోదారి ఒడ్డున టెంటులో పడుకుని వస్తున్నాను. మా అమ్మకి డెబ్బై దాటాయి, మా చిన్నదానికి ఆరేళ్ళు. ఇద్దరూ మళ్ళీ ఎప్పుడని అడుగుతారు. గొప్పకి చెప్పడం లేదండి. చలికాలం వస్తే చాలు, ఎవరో ఒకరు ఫోను చేసి "వెళ్ళాం, నరకం చూసి వచ్చాం" అంటుంటే విని విని విసుగెత్తి రాస్తున్నాను. అందరిదీ ఒకటే కథ. ఫోటోకి బావుందని చోటు ఎంచుకున్నారు, చీకటి పడ్డాక చేరారు, చేరాక బిరియానీ వండబోయారు.

ఎప్పుడు

డిసెంబరు మూడోవారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా, అంతే. జులై నుంచి అక్టోబరు వరకు గోదారి మనది కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, 10 లక్షల క్యూసెక్కులు కిందికి దిగుతున్నట్టు. అప్పుడు ఏటి మధ్య లంకల్లో ఉండేవాళ్ళే మూటాముల్లె సర్దుకుని ఏటిగట్టెక్కుతారు. నవంబరు తుఫాన్ల నెల. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కోనసీమలో ఉన్నవాళ్ళెవరూ ఆ నెలలో టెంటు మాటెత్తరు. మార్చి వచ్చిందంటే ఉక్కపోత.

సంక్రాంతి మూడు రోజులూ మానేయండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కదిలే జనంలో కారు ఇరుక్కుందంటే టెంటు కారులోనే వేసుకోవాలి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం వైపూ అంతే.

ఒక్క రాత్రే ఉండండి. రెండో రాత్రికి పిల్లలకి తుమ్ములు, పెద్దవాళ్ళకి నడుంనొప్పి, మీకు ఇద్దరి మీదా కోపం.

ఏం పట్టుకెళ్ళాలి

నలుగురుంటే ఆరుగురు పట్టే టెంటు కొనండి. కంపెనీవాడి లెక్కలో నలుగురంటే రాత్రంతా ఒత్తిగిలకుండా పడుకునే నలుగురు. కింద పరవడానికి ధాన్యం మీద కప్పే బరకం ఒకటి, దాని మీదకి ఈతచాపలు, ఆపైన బొంతలు. గాలి పరుపులు వద్దు, తెల్లారేసరికి అందులో గాలి మంచులా చల్లబడి వీపు పట్టేస్తుంది. తలకి కట్టుకునే లైట్లు, మఫ్లర్లు, దోమల మందు, మంచినీళ్ళ టిన్నులు రెండు, చిన్న పార, కొబ్బరితాడు, అరడజను ఖాళీ బియ్యం సంచులు. సంచులెందుకో తర్వాత చెబుతాను.

స్పీకరు తేవద్దు. మా బావమరిది ఒకసారి తెచ్చాడు. రాత్రి పదింటికి పక్క అరటితోట రైతు టార్చిలైటు వేసుకుని వచ్చి, పెళ్ళెవరిదని అడిగి వెళ్ళాడు.

చోటు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. చెడిపోయిన పదింట్లో తొమ్మిది ఇక్కడే చెడ్డాయి.

మన జనానికి మారేడుమిల్లి ఫోటోలు తలకెక్కాయి. అక్కడ కొండ, వాగు, బొంగులో చికెన్. అక్కడి పద్ధతి అక్కడిది. వాగు పక్కన ఎత్తు చూసుకుని టెంటు వేస్తే సరిపోతుంది. డెల్టాలో ఎత్తనేదే లేదు, పైగా ఇక్కడ నీళ్ళు రెండువైపుల నుంచీ వస్తాయి. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. చలికాలంలో నీళ్ళని దాళ్వా, అంటే రెండో పంట వరి కోసం కాలవలకి మళ్ళిస్తారు కాబట్టి బ్యారేజీ కింద పాయల్లో పైనుంచి వచ్చేది తక్కువ. ఆ ఖాళీలోకి కింది నుంచి సముద్రం ఎక్కుతుంది. సుమారు ఆరుగంటలు పోటు, అంటే నీళ్ళు ఎక్కడం, ఆరుగంటలు పాటు, అంటే దిగడం, మళ్ళీ పోటు. మీరు మధ్యాహ్నం మూడింటికి చూసి మురిసిపోయిన తెల్లటి ఇసుక తిన్నె చాలాసార్లు తిన్నె కాదు, పాటులో బయటపడ్డ ఏటి అడుగు.

నాకీ సంగతి మొదటి ఏడాదే తెలిసింది. వెన్నెల కావాలని పున్నమి చూసుకుని వెళ్ళాం. సాయంత్రం నాలుగింటికి నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పిల్లలు ఇసుకలో గుడి కట్టారు. పులిహోర తిని పడుకున్నాం. పది దాటాక మా అమ్మ, "ఒరేయ్, నా బొంత తడిసిందేంట్రా?" అంది. మంచినీళ్ళ సీసా ఒలికిందేమో చూసుకో అన్నాను. లైటు వేస్తే టెంటు మూలన చెప్పులు తేలుతున్నాయి. అలా అని వరద కాదు, చప్పుడు లేదు, అల లేదు. పళ్ళెంలో పాలు నిండినట్టు నీళ్ళు నెమ్మదిగా వచ్చేశాయి. మిగతా రాత్రంతా ఏటిగట్టు మీద తడి బొంతలు కప్పుకుని నిలబడ్డాం. వెన్నెల మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

అప్పట్నుంచీ నా నియమం ఒకటే: పున్నమికీ అమావాస్యకీ వెళ్ళను, శుక్ల దశమికి వెళ్తాను. పున్నమి, అమావాస్యల దగ్గర పోటు పెద్దది. అష్టమి దాటి ఒకటి రెండు రోజులు చిన్నది. దశమినాడు వెన్నెలకి లోటు లేదు, అర్ధరాత్రి దాటేదాకా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమినాడు మా రేవులో రాత్రి పదింటికి నిండే పోటు, ఐదు రోజులు వెనక్కి లెక్కేస్తే దశమినాడు ఆరింటికే నిండుతుంది. అంటే నీళ్ళు ఎంతదాకా వస్తాయో వెలుతురుండగానే మీ కళ్ళతో చూస్తారు. తర్వాతి పోటు మళ్ళీ నిండేది తెల్లవారేవేళకే.

ఫోనులో కాకినాడ పోటు వేళలు చూసి ధీమాగా ఉండకండి. అవి రేవు పట్టణానివి. పోటు ఏటి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు, దాటి పైకి రావడానికి టైము పడుతుంది, ఎంత పైకెళ్తే అంత ఆలస్యం. మీ చోటు సంగతి ఆ రేవులో పడవ నడిపే సరంగుకే తెలుస్తుంది. ఆయన్ని అడగడంలో కూడా ఒక పద్ధతుంది. "ఇక్కడిదాకా నీళ్ళు రావు కదండీ?" అన్నారనుకోండి, "ఆయ్, రావండి" అంటాడు. మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక. "మొన్న పున్నమికి ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడగండి. వేలు పెట్టి చూపిస్తాడు. ఆ వేలు నమ్మండి.

తర్వాత మీరే ఒడ్డు వెంట నడవండి. తడిగా, పచ్చిగా ఉన్న గుర్రపుడెక్క ముక్కలు, పుల్లలు వరసగా ఒక గీతలా కనిపిస్తాయి. అది ఇవాళ్టి పోటు. దాని పైన ఎండి బూడిదరంగుకి తిరిగిన చెత్తతో ఇంకో గీత ఉంటుంది, కొన్నిచోట్ల మాసిన దారంలాగా సన్నగా. అది పెద్ద పోటు గీత. మీకు కావలసింది ఆ రెండోది. టెంటు దానికి నడుమెత్తు పైన ఉండాలి. దూరం కాదు, ఎత్తు. చదునైన ఇసుకలో నలభై అడుగుల దూరం కూడా జానెడు ఎత్తు ఇవ్వదు. అంత ఎత్తు దొరక్కపోతే ఆ తిన్నె ఎంత అందంగా ఉన్నా వదిలేసి తోటలోకి రండి.

వచ్చీ రాగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి టైము చూసుకోండి. అరగంట తర్వాత పుల్ల నీళ్ళలో ఉంటే పోటు మొదలైనట్టు. ఈ పని పిల్లలకి అప్పజెబితే వాళ్ళు ఫోను అడగరు.

అన్నిటికన్నా ప్రమాదం వెనకవైపుది. ఇసుక తిన్నెకీ ఒడ్డుకీ మధ్య తరచూ ఒక పల్లం ఉంటుంది. మీరు చెప్పు తడవకుండా దాటి వస్తారు. పోటుకి ముందు నిండేది అదే. టెంటు పొడిగానే ఉంటుంది, మీరు మాత్రం చీకట్లో నీళ్ళ మధ్య ఉంటారు. వచ్చిన దారిలో వెనక్కి నడిచి, టెంటుకీ ఏటిగట్టుకీ మధ్య దిగుడన్నదే లేదని తేల్చుకున్నాకే సామాను దింపండి.

ఒడ్డు నిట్టనిలువుగా కోసుకుపోయి నేల మీద నెర్రెలు కనిపిస్తే అక్కడ నిలబడి ఫోటో కూడా తీసుకోవద్దు, పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతుంది. పిల్లల్ని ఏట్లోకి దింపడం సంగతి సరేసరి. ఇసుక తవ్విన గోతులు నీళ్ళ కింద ఎక్కడున్నాయో పైకి తెలీదు. స్థానికులు స్నానాలు చేసే రేవులోనే, అదీ మోకాలిలోతు దాకానే.

ఇక కొబ్బరిచెట్టు కింద టెంటు వేయొద్దు. మొన్ననే దింపు తీయించాం అంటారు తోటవాళ్ళు. కాయలు దింపుతారు, సరే. ఎండుమట్ట చెప్పి రాలదు కదా! వరికుప్పకీ గడ్డిమేటుకీ కూడా దూరంగా ఉండండి. ఎలుకలుంటాయి, ఎలుకల వెనకే పాములుంటాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కింద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కరుస్తుంది, ఒక్కోసారి కరిచినట్టు నొప్పి కూడా తెలీదు. అందుకే జిప్పు పూర్తిగా వేయాలి, చెప్పులు లోపల పెట్టాలి, ఆరుబయట చాపేసుకుంటానని ఏ మావయ్య మారాం చేసినా ఒప్పుకోకూడదు. అనుమానం వస్తే మంత్రాలు, కట్లు వద్దు. 108కి ఫోను చేసి నేరుగా ప్రభుత్వాసుపత్రికి.

తెలిసినవాళ్ళ తోట ఏటి పక్కన ఉండి, అందులో మకాం, అంటే తోటలో చిన్న ఇల్లు, ఉంటే ఇంక వెతకొద్దు. మకాం ఉందంటే బాత్రూము ఉన్నట్టే. ఆడవాళ్ళు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేసి కూర్చునే పిక్నిక్కు మగవాళ్ళకి మాత్రమే పిక్నిక్కు. ఎవరిదో తెలియని లంకభూమి అయితే రైతుని అడగకుండా దిగకండి. కోరింగ మడ అడవులు అభయారణ్యం, అక్కడ టెంటు ఆలోచనే వద్దు.

టెంటు వేయడం

వెలుతురుండగా, అంటే నాలుగున్నరకల్లా పని అయిపోవాలి. టెంటుతో వచ్చే మేకులు ఇసుకలో నిలవవు, వెన్నలో పుల్ల గుచ్చినట్టే. బియ్యం సంచుల్లో ఇసుక నింపి, మూతికి కొబ్బరితాడు కట్టి, మోకాలిలోతు గొయ్యిలో పాతి, ఆ తాడుకి టెంటు లాగి కట్టండి. ఏనుగు లాగినా కదలదు. పైనున్న గాలి కిటికీలు చలేస్తుందని మూయకండి. మూస్తే మీ ఊపిరే లోపల చెమ్మపట్టి తెల్లవారుజామున మొహం మీద బొట్లుబొట్లుగా పడుతుంది. బరకం అంచులు టెంటు బయటికి రాకుండా లోపలికి మడవండి, లేదంటే మంచంతా దాని మీంచి కిందికే జారుతుంది.

తిండి

రాత్రి వంట వద్దు. పులిహోర, దద్దోజనం, చేగోడీలు, ఆత్రేయపురం పూతరేకులు ఓ డబ్బా. పూతరేకులు చెమ్మకి మెత్తబడకముందే తినేయండి. పొయ్యి తెల్లవారాక టీకీ, ఉప్మాకీ. సాయంత్రం దోమలకి కొబ్బరి డొక్కలు రెండు రాజేసి టెంటుకి గాలివాటున దూరంగా పెడితే చాలు. మంట కావాలంటే చిన్నది, ఇసుక మీద, పడుకునేముందు నీళ్ళు పోసి ఆర్పేయాలి.

పొద్దున్న

మంచు విడేదాకా, అంటే ఎనిమిదిన్నర వరకు, ఎవరూ కంగారుపడొద్దు. ఎండెక్కాక టెంటు తిరగేసి ఆరబెట్టండి. తడిగా మడిస్తే వారంలో బూజు వాసన పట్టేస్తుంది, ఆ వాసన ఇంక పోదు. సంచుల్లో ఇసుక అక్కడే గుమ్మరించి, గోతులు పూడ్చండి. ఇంటికెళ్ళాక డాబా మీద మరోసారి దులపండి. ఎంత దులిపినా కారు సీట్ల సందుల్లోంచి నెలరోజులు ఇసుక వస్తూనే ఉంటుంది. పదేళ్ళయినా దానికి ఉపాయం నాకు దొరకలేదు.