సిరొంచ నుంచి గడ్చిరోలి బోర్డు దాకా: ఆదివాసీ పిల్లల కేసు ఎలా చూసుకోవాలి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో పోలీసులు ఆదివాసీ పిల్లవాణ్ని తీసుకెళ్లారన్న కబురు రాగానే ముందు వయసు తేల్చుకోండి, నేరం సంగతి తర్వాత. ఘటన జరిగిన రోజుకి 18 నిండకపోతే 2015 నాటి బాల న్యాయ చట్టమే వర్తిస్తుంది, పట్టుకున్న రోజు వయసుతో పని లేదు.

రుజువుకి 94వ సెక్షన్‌లో ఒక వరుస ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ జనన పత్రం, ఏదీ దొరకనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలో లేదు. ఆశ్రమశాల (ఆదివాసీ పిల్లల హాస్టల్ బడి) మధ్యలో మానేసిన పిల్లల దగ్గర టీసీ ఉండకపోవచ్చు గానీ, బడిలో చేరిన, మానేసిన పిల్లల వివరాలు రాసే దాఖల్ ఖారిజ్ రిజిస్టర్ ఉంటుంది. ఆ పేజీ నకలు హెడ్‌మాస్టర్ సంతకం, ముద్రతో తెచ్చుకోండి. తేదీ జూన్ 1 అని ఉంటే అవతలి వకీలు అది ఉజ్జాయింపుగా రాసిందేనంటాడు. అందుకే అన్నదమ్ముల తేదీలు, అంగన్‌వాడీ రికార్డు కూడా జత చేయండి. పెద్దవాడని రాసి జైలుకి పంపేసినా దారి మూసుకుపోదు. 9వ సెక్షన్ ప్రకారం ఏ కోర్టులోనైనా, తుది తీర్పు వచ్చాక కూడా, వయసు మాట ఎత్తవచ్చు.

ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో పిల్లల కేసులు వినే బాల న్యాయ బోర్డు ముందు హాజరుపరచాలి. జిల్లా దక్షిణ కొసనున్న సిరొంచ నుంచి గడ్చిరోలి పట్నం దాదాపు 200 కిలోమీటర్లు. వానాకాలంలో పర్లకోట నది పొంగితే అదే జిల్లాలోని భామ్రాగడ్‌కి దారే ఉండదు. ‘ప్రయాణ సమయం’ రబ్బరులా సాగేది ఇక్కడే కాబట్టి, పట్టుకున్న గంట పోలీస్ స్టేషన్ డైరీలో ఎంతని రాశారో అప్పుడే అడిగి రాసుకోండి. ఆ రోజు బోర్డు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. కనీస శిక్ష ఏడేళ్లకు తగ్గని ఘోర నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిందో అయితే తప్ప కేంద్ర నియమాల ప్రకారం ఎఫ్‌ఐఆర్ కూడా ఉండదు, డైరీలో నమోదు చేస్తే చాలు.

గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం, నది దాటితే తెలంగాణ. సీసాలతో దొరికిన పిల్లవాడి వెనక వాటిని మోయించిన పెద్దమనిషి ఉంటాడు. అతని మీద బాల న్యాయ చట్టంలోని 78వ సెక్షన్ (పిల్లలతో మద్యం మోయించడం) పెట్టమని రాతపూర్వకంగా అడగండి, దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. సాయుధ దళం పిల్లల్ని చేర్చుకున్న కేసులకి 83వ సెక్షన్.

పిల్లలకీ, షెడ్యూల్డ్ తెగలవారికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. జిల్లా న్యాయసేవా సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. బెయిల్ ఇవ్వడమే 12వ సెక్షన్‌లో నియమం, కాదంటే బోర్డు కారణం రాయాలి. చిక్కంతా జామీను దగ్గర. సాత్ బారా (భూమి హక్కు చూపే 7/12) కాగితం తెమ్మంటే అడవి భూమి దున్నుకునే ఇంటివాళ్లు ఎక్కడ తెస్తారు? జామీను లేకుండా, ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో వదలమని మొదటి వాయిదాకే అడిగించండి. షరతులు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే వాటిని మార్చడానికి పిల్లవాణ్ని మళ్లీ బోర్డు ముందుకి తేవాలి. ఎవరూ అడగకపోతే ఆ ఏడు రోజులు నెలలవుతాయి.

కేసు మలుపు తిరిగేది పిల్లవాడి ఇంటి, ఊరి పరిస్థితులు రాసే సామాజిక విచారణ నివేదికలో. ఆరో నంబరు ఫారంలో ప్రొబేషన్ ఆఫీసర్ దాన్ని రెండు వారాల్లో ఇవ్వాలి. ఆయన ఊరికి రాకుండా ఫోన్‌లో నింపితే ‘తల్లిదండ్రుల పర్యవేక్షణ లేదు’ అని ఒక్క ముక్క పడుతుంది. బెయిల్ పోవడానికి అది చాలు. మీరు దగ్గరుండి ఊరికి తీసుకెళ్లి ఇలా రాయించండి: ‘అమ్మానాన్నలు మార్చి దాకా మిర్చి ఏరడానికి వెళ్తారు. ఆ నెలల్లో మేనమామ ఇంట్లో తిని అక్కడే పడుకుంటాడు. మేనమామ బాధ్యత తీసుకుంటానని వేలిముద్ర వేశాడు.’ పిల్లవాడు ఎవరి మాట వింటాడు, పోయిన ఏడాది ఏ పని చేశాడు, ఊరి పెద్దలు కూర్చుని తగవు ఏమైనా తీర్చారా, ఇవన్నీ చేరాలి.

మాడియా (ఇక్కడి గోండు ఆదివాసీల భాష) మాట్లాడే పిల్లవాణ్ని మరాఠీలో అడిగితే అన్నిటికీ తల ఊపుతాడు, తెలుగులో అడిగినా అంతే. ఆ తల ఊపు కాగితంలో ఒప్పుకోలుగా మారుతుంది. భాష తెలిసిన మనిషిని ముందే చూసుకోండి. పోలీసులకి కబుర్లు చేరవేసే ఊరి అధికారి పోలీస్ పాటిల్‌ని మాత్రం వద్దు, అతని ఎదుట పిల్లలు నోరు విప్పరు.

విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, బోర్డు ఇంకో రెండు నెలలు పెంచవచ్చు. అప్పటికీ తేలకపోతే చిన్న నేరాల కేసు మూతపడుతుంది. ఎక్కువగా చెడేది వాయిదా తప్పడం వల్ల. తేదీ అంకెల్లో చెప్తే నిలవదు, ‘సంత అయిన మర్నాడు’ అని చెప్పండి. ముందురోజే బయల్దేరేలా ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సు ఛార్జీ, రాత్రి పడకా చూడండి. మే నెల తునికాకు రోజుల్లో వాయిదా పడకుండా వకీలుతో ముందే అడిగించండి.

ఉత్తర్వు దగ్గరికి వచ్చాక స్పెషల్ హోం (నేరం రుజువైన పిల్లల్ని ఉంచే సంస్థ) వద్దని, సొంత ఊళ్లో సామాజిక సేవో ప్రొబేషనో ఇవ్వమని అడగండి. ఊళ్లో ఏ పని, ఎవరు చూస్తారన్నది రాసిస్తే బోర్డుకి నమ్మకం కుదురుతుంది. అప్పీలు గడువు దాటాక 24వ సెక్షన్ కింద రికార్డు నాశనం చేయమన్న ఆదేశం నకలు తీసుకుని ఇంటివాళ్లకి ఇవ్వండి, రేపు పోలీసు భర్తీకి వెళ్లినప్పుడు అవసరపడుతుంది.