వేరే భాష, వేరే అలవాట్లున్న ఇళ్ల నుంచి వచ్చే పసిపిల్లలను అంగన్‌వాడీలో కలుపుకోవడం ఎలా?

దేవరకొండ వైపు ఒక తండా పక్కనున్న సెంటర్‌లో నేను టీచర్‌గా చేరిన మొదటి నెల అది. మూడేళ్ల పాప గుమ్మం దగ్గర నిలబడి "యాడి... యాడి..." అని ఏడుస్తోంది. "ఏడీ" అని ఎవరినో వెతుకుతోందనుకున్నాను. "ఎవరమ్మా? ఎవరు కావాలి?" అని తెలుగులో అడుగుతూనే ఉన్నాను. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. చివరికి వంట దగ్గర నుంచి ఆయమ్మ లేచి వచ్చి చెప్పింది, లంబాడీలో యాడి అంటే అమ్మ అని. ఆ పాప అంతసేపూ అడిగింది వాళ్లమ్మనే. ఒక్క మాట తెలియక పసిబిడ్డను అంతసేపు ఏడిపించానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మన సెంటర్లకు ఇప్పుడు ఒకే రకం ఇళ్ల పిల్లలు రావడం లేదు. తండాల నుంచి లంబాడీ మాట్లాడే పిల్లలు, పట్నాల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, ఇటుక బట్టీల దగ్గర ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఉంటారు. ఏజెన్సీలో అయితే గోండి, కోయ, కొలామి, సవర, కువి మాట్లాడే పిల్లలు. వాళ్లను, వాళ్ల ఇళ్లను మనతో కలుపుకోవడానికి నేను చేస్తూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. అంగన్‌వాడీ టీచర్ల కోసమే మొదలుపెట్టాను గానీ, ప్రైవేటు ప్లేస్కూల్ నడిపేవాళ్లకూ, పిల్లలను పంపే తల్లిదండ్రులకూ ఇవే పనికొస్తాయి.

1. మొదటి వారంలోనే ఇంటికి వెళ్లండి

పిల్ల చేరగానే ఆధార్, ఫొటో, బరువు అంటూ మన రిజిస్టర్ల పని మొదలవుతుంది. అవి తప్పవు. కానీ వాటికోసం వెళ్లిన రోజు కాకుండా, ఇంకో రోజు చేతిలో ఏ కాగితమూ లేకుండా వెళ్లండి. రిజిస్టర్ కనిపిస్తే తల్లి సర్వేకు జవాబు చెప్పినట్టు చెబుతుంది. అది లేకపోతే బిడ్డ గురించి మాట్లాడుతుంది.

వెళ్లే టైమ్ మీ వీలును బట్టి కాదు, వాళ్ల పనిని బట్టి ఉండాలి. పత్తి తీసే రోజుల్లో పగలు తండాలో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. బట్టీల దగ్గర తెల్లవారకముందే ఇటుకలు కోయడానికి దిగుతారు, మధ్యాహ్నం ఎండలో కాసేపు నడుం వాలుస్తారు. ఎప్పుడు రమ్మంటారో ముందే అడిగి వెళ్లండి.

వాళ్లు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. మంచినీళ్లిస్తే తాగండి, చాయ్ ఇస్తే తాగండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, నా లెక్కలో మిగతా అన్నింటికంటే పెద్దది. "వద్దులెండి, ఇప్పుడే తాగి వచ్చాను" అనే మాటను కొన్ని ఇళ్లవాళ్లు తరతరాలుగా వింటున్నారు. దాని వెనక ఏముందో వాళ్లకు తెలుసు. నీళ్లు ముట్టని టీచర్ దగ్గర తమ బిడ్డ అన్నం ఎలా తింటుందోనని ఆ తల్లి మనసులో అనుకుంటుంది.

అడగాల్సినవి ఇవి. ఇంట్లో ఏమని పిలుస్తారు? ఎవరి దగ్గర పడుకుంటుంది? ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటుంది? దేనికి భయం? ఏం తినదు? దొడ్డికి వస్తే ఏమంటుంది? కులం, మతం, సంపాదన, "ఇంతమంది పిల్లలెందుకు" అనే మాటలు ఎత్తకండి. ఫారంలో అవసరమైతే వాటికి వేరే రోజుంది.

2. పేరు సరిగ్గా పలకండి

రిజిస్టర్‌లో పేరు ఒకటి, ఇంట్లో పిలుపు ఇంకొకటి ఉంటుంది. చాలా రోజులు పలకని పిల్లకు చెవుడేమో అని అనుమానించి, చివరికి అసలు ఆ పేరుతో తననెవరూ పిలవరని తెలుసుకున్న సందర్భం నాకు ఉంది. మొదట్లో ఇంటి పిలుపుతోనే పిలవండి. రాసుకున్న పేరును మెల్లగా అలవాటు చేయండి. నోరు తిరగడం లేదని పేరును కత్తిరించడం, తెలుగు పేరు పెట్టేయడం అస్సలు వద్దు. తల్లి చేత నాలుగుసార్లు పలికించుకుని, మీరూ పలికి, సరిగ్గా ఉందా అని అడగండి. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వుతోనే సగం దూరం తగ్గిపోతుంది.

3. పది మాటలు నేర్చుకోండి

భాష మొత్తం నేర్చుకోమని ఎవరూ అడగడం లేదు. అమ్మ, నీళ్లు, ఆకలి, చాలు, ఉచ్చ, దొడ్డి, నొప్పి, నిద్ర, భయం, రా. ఈ పదింటినీ పిల్లల ఇంటి భాషలో తల్లిని గానీ నాయనమ్మను గానీ అడిగి, తెలుగు లిపిలోనే ఒక చార్టు మీద రాసి, మీకూ ఆయమ్మకూ కనబడేలా గోడకు అంటించండి. రాసేటప్పుడు కొన్ని దగ్గరితనాలు కనిపిస్తాయి. నీళ్లను లంబాడీలో పాణి అంటారు, ఒడియాలోనూ పాణి, ఉర్దూలో పానీ. ముగ్గురు పిల్లలకు ఒకే మాట! ఆ మాటను క్లాసులో అందరి చేతా అనిపిస్తే, అప్పటిదాకా మూలన కూర్చున్న పిల్ల తలెత్తి చూస్తుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామంది బిడ్డను డేకేర్‌లో వేసేటప్పుడు ఇదే పని చేస్తారు. "పాలు అంటే ఇది, ఉచ్చ అంటే ఇది" అని కాగితం మీద రాసి అక్కడి టీచర్ చేతిలో పెడతారు. ఆ టీచర్ ఒక్క తెలుగు మాట పలికితే వాళ్లకు ఎంత ధైర్యమొస్తుందో వాళ్లను అడిగితే చెబుతారు. తండా తల్లి మన నుంచి కోరుకునేదీ అదే. కాకపోతే ఆమెకు కాగితం మీద రాసివ్వడం రాకపోవచ్చు, వచ్చినా టీచర్ ముందు జంకు ఉంటుంది. అందుకే ఆమె అడిగేదాకా ఆగకుండా మనమే అడగాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఎవరి పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నామో, ఆ గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారు చేశారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా (అంటే లంబాడీ) అనే 8 భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తెచ్చింది. వాటికి వాడింది తెలుగు లిపినే. వీలైనంత వరకు కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది.

ఇక్కడ టీచర్‌కూ తల్లికీ ఇద్దరికీ టెన్షన్ తెప్పించే మాట ఒకటుంది. "ఇంట్లో మీరు తెలుగులో మాట్లాడండి, అప్పుడే పిల్లకు తొందరగా వస్తుంది" అని మంచి ఉద్దేశంతోనే చాలామంది టీచర్లు చెబుతారు. దయచేసి చెప్పకండి. తల్లికి అంతంతమాత్రం వచ్చిన తెలుగులో మాట్లాడితే బిడ్డకు అందే మాటలు తగ్గిపోతాయి. కథలు, లాలిపాటలు, తిట్లు, ముద్దులు అన్నీ ఆమె భాషలోనే ఉన్నాయి. ఆ భాష గట్టిగా ఉన్న పిల్లకు తెలుగు నేర్చుకోవడం కష్టం కాదు. "మీ భాషలో బాగా మాట్లాడండి, కథలు చెప్పండి, తెలుగు సంగతి మేం చూసుకుంటాం" అని చెప్పండి.

తల్లిదండ్రులు దీనికి ఒప్పుకోకపోవచ్చు. "మా భాష మాతోనే పోనీ మేడం, వాడికి ఇంగ్లిష్ రావాలి" అంటారు. ఆ కోరికను తక్కువ చేయకండి. రేషన్ షాపు నుంచి ఆసుపత్రి దాకా భాష రాక ఎన్నిచోట్ల అవమానపడి ఉంటే ఆ మాట వస్తుంది! ఇంగ్లిష్ కూడా వస్తుందని, దానికి ఇంటి భాషను వదులుకోనక్కర్లేదని మెల్లగా చెప్పండి. చెప్పడం కంటే చూపించడం మేలు. పాప లంబాడీలో చెప్పిన కథను తండ్రి ముందే చెప్పించండి, అదే కథను తెలుగులోనూ రెండు ముక్కలు చెప్పించండి.

4. తిండి దగ్గర తొందరపడకండి

సెంటర్‌లో గుడ్డు పెడతాం. బలవర్ధకం, మంచిదే. కానీ కొన్ని ఇళ్లలో గుడ్డు తినరు. కొన్ని ఇళ్లలో శనివారం తినరు, ఇంకొన్ని ఇళ్లలో శ్రావణం, కార్తీకం వస్తే ముట్టరు. "చిన్నపిల్లకేం తెలుసు, పెట్టేద్దాం" అని తల్లికి చెప్పకుండా పెట్టవద్దు. అది ఇంటికెళ్లి చెబుతుంది, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటనూ ఆ ఇల్లు నమ్మదు. గుడ్డు ఎందుకిస్తున్నామో చెప్పి, నిర్ణయం వాళ్లకు వదిలి, వద్దంటే పప్పు కాస్త ఎక్కువ వేయండి.

రంజాన్ నెలలో ఇంత చిన్నపిల్లలు ఉపవాసం ఉండరు. కానీ తెల్లవారకముందే తినే సహర్‌కు ఇల్లంతా లేస్తుంది, రాత్రి ఆలస్యంగా పడుకుంటుంది. ఆ నెలలో పిల్ల పొద్దున్నే తూలుతుంటే దాన్ని మందకొడి అనకుండా కాసేపు పడుకోనివ్వండి.

ఒక పిల్ల డబ్బాలోని తిండిని చూసి పక్కపిల్ల "ఛీ" అంటే మాత్రం ఆ క్షణమే ఆపాలి. కోప్పడక్కర్లేదు. "వాళ్లింట్లో ఇది ఇష్టంగా తింటారు, మీ ఇంట్లో అది తింటారు" అంటే చాలు, మూడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. మన ముఖంలో ఆ "ఛీ" కనిపిస్తే మాత్రం ఎన్ని మాటలు చెప్పినా పిల్లలు మన ముఖాన్నే నేర్చుకుంటారు.

5. తల్లుల మీటింగ్‌లో తక్కువ మాట్లాడండి

మన మీటింగ్ అంటే తెలిసిందే. మనం చెబుతాం, వాళ్లు తల ఊపుతారు, సంతకాలు పెడతారు, పోతారు. ఒక్కసారి తిరగేసి చూడండి. "మీ పాప ఇంట్లో చేసే పనుల్లో మాకు తెలియనిది ఒకటి చెప్పండి" అని అడిగి ఊరుకోండి. మొదట నిశ్శబ్దంగా ఉంటుంది. దాన్ని మాటలతో నింపేయకుండా ఓపిక పట్టండి. నాకు అలా తెలిసిందే, క్లాసులో నోరు విప్పని ఒక పిల్లాడు ఇంట్లో మేకలన్నింటినీ పేరుపేరునా పిలుస్తాడని. మర్నాడు మేకల లెక్కతోనే వాడికి అంకెలు మొదలుపెట్టాను.

చదువు రానివాళ్లు ఉంటారు కాబట్టి వాట్సాప్‌లో పొడుగు మెసేజ్ కాకుండా వాయిస్ మెసేజ్ పెట్టండి. తల్లి భాష వచ్చిన ఆయమ్మ చేత చెప్పిస్తే ఇంకా మంచిది. పిల్లల ఫొటోలు గ్రూపులో పెట్టేముందు అడగండి. నాన్నలను, నాయనమ్మలను కూడా పేరు పెట్టి పిలవండి, లేకపోతే తమకు కాదనుకుంటారు. వచ్చి పిల్లలకు ఏదైనా చూపించమని అడగవచ్చు. బుట్ట అల్లడం, అద్దాల కుట్టు, ఇటుకలను వరసగా పేర్చడం, ఏదైనా సరే. కానీ దానికోసం ఒక రోజు కూలీ పోగొట్టుకోమని అడగకండి. సాయంత్రం అరగంట చాలు.

6. పండుగను వేషం చేయకండి

ఇది నాకు కోపం తెప్పించే విషయం. ఫ్యాన్సీ డ్రెస్ రోజున ఒక పిల్లకు అద్దాల లంగా, గాజులు వేసి "లంబాడీ వేషం" అంటారు. ఆ పక్కనే ఇంకో పిల్ల నాయనమ్మ అవే బట్టలు రోజూ కట్టుకుని పొలానికి వెళుతుంది. తమ ఇంటి బట్ట వేషం ఎలా అయిందో ఆ పిల్ల ఎవరిని అడగాలి?

దానికి బదులు పండుగ ఎవరిదో వాళ్లనే చెప్పనివ్వండి. శ్రావణంలో తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి 9 రోజులు తీజ్ చేస్తారు. ఆ రోజుల్లో తండా అక్కలను అడిగి ఒక చిన్న బుట్టలో గోధుమలు చల్లి సెంటర్‌లోనూ మొలకెత్తించవచ్చు. పిల్లలు రోజూ నీళ్లు పోసి ఎంత పెరిగిందో కొలుస్తారు, పాట నేర్చుకుంటారు. పూజలో పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఏ పండుగకైనా ఇంతే.

7. తేడా వేరు, హాని వేరు

మెడలో తాయత్తు, మొలకు దారం, మొక్కు తీరేదాకా తీయని పుట్టువెంట్రుకలు, వీటిని మీరు తీయకండి. దువ్వడం ఇబ్బందైతే తల్లితోనే మాట్లాడండి. కానీ విరేచనాలు అవుతుంటే నీళ్లు పట్టకూడదనే నమ్మకం ఉన్న ఇల్లైతే ఊరుకోకూడదు. "నీళ్లు పోతున్నాయి కదమ్మా, పోయినన్ని తిరిగి పట్టాలి" అని చెప్పి, ఓఆర్ఎస్ కలిపి చూపించి, ఆశ కార్యకర్తను పిలవండి. కొట్టడం విషయంలోనూ అంతే, ఎవరి ఆచారమైనా ఒప్పుకోం. అందరి ముందు కాకుండా, పక్కకు పిలిచి, ఆ తల్లి ఏ కష్టంలో ఉందో ముందు విని అప్పుడు చెప్పండి.

8. మధ్యలో వెళ్లిపోయే పిల్లకు చేతిలో ఒక కాగితం పెట్టండి

బట్టీల పిల్లలు చలికాలంలో వస్తారు, వానలు పడేముందు సొంతూరు వెళ్లిపోతారు. చెప్పకుండా వెళ్లారని నొచ్చుకోకండి, ప్రయాణం వాళ్ల చేతిలో ఉండదు. అందుకే ఏప్రిల్ నుంచే సిద్ధంగా ఉండండి. టీకాల కార్డు తల్లి దగ్గరుందో లేదో చూడండి. అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వెళ్లే పిల్లల వివరాలను వేరే సెంటర్‌కు మార్చే వీలుంది, దాన్ని వాడండి.

వాటితో పాటు పిల్ల గీసిన బొమ్మల వెనక నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి. ఒడియా రాసేవాళ్లు బట్టీలో ఎవరో ఒకరు దొరుకుతారు, వాళ్ల చేత రాయించండి. ఇంట్లో ఏమని పిలుస్తారో, దేనికి భయపడుతుందో, ఏ పాట పాడితే నవ్వుతుందో, ఇక్కడ నేర్చుకున్న తెలుగు మాటలు ఏవో అందులో ఉండాలి. కింద మీ ఫోన్ నంబరు రాయండి, అక్కడి టీచర్‌కు అడగాలనిపిస్తే అడుగుతుంది.