వలస వచ్చిన ఊళ్లో రేషన్ బియ్యం తీసుకునే విధానం

మిర్చి ఏరడానికి ములుగు, భూపాలపల్లి, పరకాల వైపు వచ్చే కూలీ కుటుంబాల్లో చాలామంది, తమ కార్డు సొంతూరిదని, ఇక్కడ బియ్యం ఇవ్వరని అనుకుని దుకాణంలో కొనుక్కుంటున్నారు. కూలి గిట్టని రోజుల్లో అది మోయలేని ఖర్చు. పోయిన ఏడు మా చేను పక్క గుడిసెల్లో ఉన్న ఒక కుటుంబం దగ్గర, కార్డు ఇక్కడికి మార్పిస్తానని ఒకాయన ఐదు వందలు తీసుకుని మళ్లీ కనిపించలేదు. కార్డు మార్చే పనే లేదు, ఎవరికీ రూపాయి ఇవ్వనవసరం లేదు.

సొంతూరి కార్డుతోనే వేరే ఊరి రేషన్ దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రయోగంగా మొదలైన ఈ వెసులుబాటు ఇప్పుడు దేశమంతటా ఉంది. కార్డు నంబరు గానీ ఆధార్ నంబరు గానీ డీలరుకు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. పక్క రాష్ట్రాల వారికి మాత్రం జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డు ఉండాలి. ఇంటి దగ్గర ఉన్న పెద్దవాళ్లు ఆ నెల కోటా మొత్తం తీసుకుంటే ఇక్కడ ఏమీ మిగలదు కాబట్టి, ముందే ఫోన్‌లో మాట్లాడుకోవాలి.

అందరూ ఆగిపోయేది వేలిముద్ర దగ్గరే. నెలల తరబడి మిర్చి ఏరిన వేళ్ల కొనలు మండి, తొక్క లేచి, గీతలు అరిగిపోతాయి. నా ముందు వరుసలో ఒకామె కొంగుతో తుడుచుకుంటూ ఒక్కో వేలూ పెట్టి చూసింది. యంత్రం నాలుగుసార్లు కాదన్నాక సంచి మడిచి వెళ్లిపోబోయింది. వెళ్లిపోకూడదు. పది వేళ్లలో ఏది పడినా చెల్లుతుంది, కార్డులో పేరున్న మరొకరు వేసినా చెల్లుతుంది. పని నుంచి నేరుగా కాకుండా, పొద్దున్నే చేతులు సబ్బుతో కడిగి, ఆరాక వెళ్లడం మేలు. కంటిపాప యంత్రం ఉంటే దానితో చూడమని అడగాలి.

అప్పటికీ పడకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించుకోవాలి. దరఖాస్తు అంటూ నింపాల్సింది ఇదొక్కటే. అయిదేళ్లు నిండిన పిల్లలకు, మళ్లీ పదిహేనేళ్లకు ఈ నమోదు తప్పనిసరి, గడువులో చేయిస్తే ఉచితం. ఇది చేయించకపోతే ఆ పిల్లల ఈ-కేవైసీ, అంటే కార్డులో పేరున్నవాళ్లు వేలిముద్ర వేసి తమ వివరాలు సరైనవేనని నిర్ధారించుకోవడం, ఆగిపోతుంది. ఈ-కేవైసీ కోసం సొంతూరు వెళ్లనక్కరలేదు, ఇక్కడి రేషన్ దుకాణంలోనే చేస్తారు.

బయటి కార్డుకు ఇవ్వనని డీలరు అంటే 14445కు గానీ 1967కు గానీ ఫోన్ చేయాలి. బియ్యం తీసుకున్నాక రసీదు అడిగి, అందులో ఎన్ని కిలోలు పడ్డాయో చదివించుకుని, అన్నీ తూకం వేయించుకున్నాకే సంచి ఎత్తుకోవాలి.