కో ఫంగన్ ఫుల్ మూన్ పార్టీకి ఎలా వెళ్లాలి, క్షేమంగా ఎలా తిరిగి రావాలి?

చాలామంది ముందు ఫ్లైట్ టికెట్ కొనేసి, ఆ తర్వాత పార్టీ ఎప్పుడో వెతుక్కుంటారు. థాయ్‌లాండ్ ద్వీపం కో ఫంగన్‌లో పున్నమికి రాత్రంతా బీచ్‌లో జరిగే ఈ పార్టీ విషయంలో ఆ వరస పనికిరాదు. ద్వీపంలో విమానాశ్రయం లేదు, ఆఖరి అంచె పడవలోనే దాటాలి. పార్టీ నెలకు ఒక్క రాత్రే. కాబట్టి ముందు ఆ రాత్రి ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి.

1. తేదీ: గోడమీద క్యాలెండర్‌ని నమ్మొద్దు

పున్నమి ఎప్పుడో మన పంచాంగమే చెబుతుంది కదా అనుకుంటే అక్కడే దెబ్బతింటారు. థాయ్‌లాండ్‌లో మాఘ బూచా, విశాఖ బూచా, ఆసాన్హ బూచా అనే మూడు బౌద్ధ పర్వదినాలు పున్నమినాడే పడతాయి. ఆ రోజుల్లో మద్యం అమ్మకాల మీద ఆంక్షలుంటాయి, అందుకని పార్టీ తేదీని ఒకటి రెండు రోజులు అటూ ఇటూ మారుస్తారు. ఆసాన్హ మర్నాడు ఖావో ఫన్సా, అదీ పర్వదినమే.

పేర్లు వింటే మన మాఘ, వైశాఖ, ఆషాఢ పున్నములే అనిపిస్తాయి. చాలా ఏళ్లు అవే అవుతాయి కూడా. కానీ అధికమాసం లెక్క వేరు కావడంతో కొన్ని ఏళ్లలో ఏకంగా నెల తేడా వస్తుంది. 2026నే చూడండి: మనకు బుద్ధ పూర్ణిమ మే 1న, వాళ్లకు విశాఖ బూచా మే 31న. అందుకే ఆ ఏటి పార్టీ తేదీల జాబితా చూశాకే టికెట్ కొనండి. ఎన్నికలున్నా చూసుకోవాలి, పోలింగ్ ముందు సాయంత్రం నుంచే మద్యం అమ్మకాలు ఆపేస్తారు.

ఇక వాన సంగతి. ఈశాన్య రుతుపవనాలు నెల్లూరును ముంచెత్తే రోజుల్లోనే ఇక్కడా కుండపోత. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కష్టమే, నవంబర్‌లో అలలు పెరిగి పడవలు రద్దవుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నిశ్చింత. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సొంగ్‌క్రాన్ కూడా, అంటే నీళ్లు చల్లుకునే థాయ్ కొత్త సంవత్సర పండుగ, వీధిలో అడుగుపెడితే తడిసి ముద్దవుతారు. వానకు తెగించి నవంబర్‌లోనే వెళ్తామంటే ఒక్క ఆకర్షణ ఉంది: లోయ్ క్రథోంగ్. మనం కార్తీక పున్నమికి అరటి దొప్పల్లో దీపాలు వదిలినట్టే, వాళ్లు అరటి బోదె ముక్క మీద పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టి నీళ్లలో వదులుతారు.

2. గది

పార్టీ జరిగేది ద్వీపం ఆగ్నేయ కొసన ఉన్న హాద్ రిన్ నోక్ బీచ్‌లో. దాని దగ్గర గది తీసుకుంటే నడిచి వెళ్లొచ్చు. కానీ పున్నమి వారంలో అక్కడి హోటళ్లు కనీసం మూడు నుంచి ఐదు రాత్రులు ఉండాలని షరతు పెడతాయి, తెల్లవార్లూ నిద్రపట్టదు. మధ్యేమార్గం బాన్ తాయ్ లేదా రేవు ఊరు థోంగ్ సాలా. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్తే ఈశాన్య మూలనున్న థోంగ్ నాయ్ పాన్ మేలు, సంగీతం అక్కడి దాకా రాదు.

3. దారి

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా ఫ్లైట్లున్నాయి. ఏ విమానాశ్రయంలో దిగుతున్నారో చూసుకోండి: సువర్ణభూమిలో దిగి, తర్వాతి ఫ్లైట్ డాన్ మువాంగ్ నుంచి పెట్టుకుంటే మధ్యలో కనీసం ఐదు గంటలు ఉంచుకోవాలి. ఫుకెట్‌కి టికెట్ చవగ్గా దొరికిందని కొనకండి. అది పడమటి తీరం, అండమాన్ సముద్రం వైపు. కో ఫంగన్ తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉంది.

బ్యాంకాక్ నుంచి మూడు దారులు. కో సముయికి విమానం, అక్కడి నుంచి వేగపు పడవలో అరగంట: సుఖం, కానీ ఖరీదు. రెండోది సూరత్ థానీకి విమానం, అక్కడి నుంచి డాన్‌సాక్ రేవుకి బస్సులో గంటన్నర పైన, తర్వాత రెండున్నర గంటల ఫెర్రీ. (ఈ సూరత్ పేరు మన గుజరాత్ సూరత్ నుంచి తీసుకున్నదే. 1915లో రాజు ఆ పేరు పెట్టాడు, పక్కన నదికి తాపీ అనే పేరూ అలా వచ్చిందే.) మూడోది సూరత్ థానీకి రాత్రి స్లీపర్ రైలు, పదకొండు పన్నెండు గంటలు, అక్కడి నుంచి మళ్లీ బస్సు, ఫెర్రీ. డబ్బు, అలసట రెండూ చూస్తే రెండో దారే మంచిది. బస్సు, ఫెర్రీ కలిపిన టికెట్ తీసుకోండి, పున్నమికి కనీసం రెండు రోజుల ముందు ద్వీపం చేరండి.

థాయ్‌లాండ్ చేరే ముందు మూడు రోజుల్లోపు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి. అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైటు ఏదైనా నకిలీదే. వీసా నిబంధనలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి ఎంబసీ సైటులో చూసుకోండి. వేప్ పరికరం (ఈ-సిగరెట్) ఇంట్లోనే వదిలేయండి, థాయ్‌లాండ్‌లో అది నిషేధం. గంజాయి దుకాణాలు కనిపించినా, 2025 జూన్ నుంచి డాక్టర్ చీటీ తప్పనిసరి. మిగతా మత్తుపదార్థాలకు జైలే. పార్టీ రాత్రి హాద్ రిన్ రోడ్డు మీద పోలీసులు ఆపి సోదా చేస్తారు.

4. ఆ రాత్రి

కాళ్లకు బూట్లు వేసుకోండి. చెప్పులు ఇసుకలో జారిపోతాయి, ఇసుకలో సీసా పెంకులు ఉంటాయి. పాస్‌పోర్టు గదిలో పెట్టి, దాని ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. ప్రవేశ రుసుముతో కలిపి సుమారు 1,500 బాట్లు నగదు, జిప్ ఉన్న జేబులో. ఏటీఎంలో విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే కోస్తారు, కాబట్టి ఒకేసారి పెద్ద మొత్తం తీయండి.

అసలు గండం బకెట్. ఇసుకలో ఆడుకునే పిల్లల ప్లాస్టిక్ బకెట్ లాంటిదే: ఐసు, కోలా, ఒక ఎనర్జీ డ్రింక్, ఒక చిన్న సీసా సాంగ్‌సోమ్ రమ్ము, నాలుగైదు స్ట్రాలు. ఆ సీసా 300 మిల్లీలీటర్లు. మన క్వార్టర్ 180, అంటే బకెట్‌కి క్వార్టరున్నర పైనే. తీపి వల్ల ఘాటు తెలియదు, ఎనర్జీ డ్రింక్ వల్ల మత్తెక్కినట్టు తోచదు. అందుకే రెండో బకెట్‌కే మనిషి పడిపోతాడు. స్ట్రాలు నాలుగున్నది నలుగురు తాగడానికే. సీసా మూత మీ కళ్లముందు తీయించండి. ముందే కలిపి వరసగా పెట్టినవి కొనకండి, నకిలీ మందు భయం ఉంది. బకెట్ చేతిలోంచి దించితే ఇక దాన్ని తాగొద్దు.

నిప్పంటించిన తాడుతో ఆడే ఆట దూరం నుంచి చూడ్డానికి బాగుంటుంది. తాడుని కిరసనాయిలు లాంటి నూనెలో ముంచుతారు, కాలికి చుట్టుకుంటే బట్టలకు అంటుకుంటుంది. తాగి సముద్రంలోకి దిగొద్దు. వందలమందికి ఆ అలలే మూత్రశాల అని తెలిశాక దిగాలనీ అనిపించదు. పగలు ఈదేటప్పుడు బాక్స్ జెల్లీఫిష్ కుడితే రుద్దకండి, కనీసం 30 సెకన్లు వెనిగర్ పోయండి. చాలా బీచ్‌ల్లో ఇందుకే స్తంభానికి వెనిగర్ సీసా కట్టి ఉంచుతారు. అంబులెన్సుకి 1669, టూరిస్ట్ పోలీసుకి 1155.

మాంసం, చేపలు తిననివాళ్లు "జే" అని అడగండి. ఉత్త "వెజ్" అంటే అందులో చేపల సాస్ పడుతుంది.

5. తిరుగు ప్రయాణం

బైకు అద్దెకు తీసుకుని పార్టీకి వెళ్లకండి. బాన్ తాయ్, హాద్ రిన్ మధ్య దారి నిట్టనిలువు ఎత్తుపల్లాలు, ఎదురొచ్చేవాళ్లలో సగం తూలుతూ ఉంటారు. టూవీలర్‌కి చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకపోతే బీమా కూడా రాదు. సొంగ్‌థావ్ ఎక్కండి. వెనక రెండు బల్లలున్న పికప్ బండి, మన షేర్ ఆటో మాదిరే నిండితేగానీ కదలదు. ఎక్కకముందే రేటు మాట్లాడండి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా రద్దీ, అప్పుడు రేటూ పెరుగుతుంది.

మర్నాటికి ఏ ప్రయాణమూ పెట్టుకోవద్దు. ఆ పైరోజు ఫెర్రీ ఎక్కాలంటే లెక్క ఇలా: పడవ రెండున్నర గంటలు, బస్సు రెండు గంటలు, చెక్-ఇన్ గంటన్నర. అంటే ఉదయం 7 గంటల ఫెర్రీకి బయల్దేరినవాళ్లు సూరత్ థానీ నుంచి మధ్యాహ్నం 1 దాటాక ఉన్న ఫ్లైటే తీసుకోవాలి, సముద్రం అల్లకల్లోలంగా ఉండే నెలల్లో సాయంత్రంది.