అన్నీ సవ్యంగా ఉన్నా అక్వేరియం చేప పుంజుకోకపోతే

నీళ్ళు తేటగా ఉంటాయి, ఫిల్టరు ఆగకుండా నడుస్తుంది, మేత వేళకు పడుతుంది. అయినా ఒక చేప మూలన నిలబడి, రెక్కలు ముడుచుకుని, నెలలు గడిచినా ఒళ్ళు చేయదు. అటువంటప్పుడు దుకాణం నుంచి మిథిలిన్ బ్లూ సీసా తెచ్చి నాలుగు చుక్కలు వేయడం దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా మన తెలుగు ఇళ్ళలో పరిపాటి. ఆ మందు ఫిల్టరులో స్థిరపడిన మేలు చేసే బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది కనుక, కారణం తేలకముందే వేస్తే ఉన్న ఇబ్బందికి మరొకటి తోడవుతుంది.

ముందుగా తేల్చుకోవలసినది ఒక్కటే: నీరసపడినది తొట్టిలోని చేపలన్నీనా, ఒక్క జాతి చేపలేనా, లేక ఒకే ఒక్క చేపా? అన్నీ నీరసంగా ఉంటే దోషం నీటిలోనో గాలిలోనో ఉంటుంది. ఒక జాతి మాత్రమే చిక్కిపోతూ ఉంటే ఆ నీరు ఆ జాతికి సరిపడలేదని అనుమానించాలి. ఒక్క చేపే అయితే తోటి చేపల ప్రవర్తననూ, ఆ చేప పుట్టుపూర్వోత్తరాలనూ చూడాలి.

చేపలన్నీ నీరసించినప్పుడు టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ కొలవండి. ఈ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. కొత్త తొట్టిలో ఈ విషాలను విరిచే బాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాత తొట్టిలోనైనా ఫిల్టరు స్పాంజిని బ్లీచింగ్ పౌడర్ కలిసిన కుళాయి నీటితో శుభ్రంగా పిండి కడిగితే ఆ బాక్టీరియా చాలా వరకు నశిస్తుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే స్పాంజిని ముంచి మెల్లగా పిండాలి.

నీరు బాగానే ఉందని తేలితే ఎయిర్ పంపును ఎక్కడ ఉంచారో చూడండి. దక్షిణ ఒడిశాలో మలేరియా భయం వల్ల దోమల మందు లేని గది అరుదు. దోమల కాయిల్ చుట్టల్లో, ప్లగ్గుకు పెట్టే ద్రవాల్లో, గోడలకు కొట్టే మందుల్లో తరచుగా వాడే పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు మనకు అంతగా హాని చేయకపోయినా చేపలకు తీవ్రమైన విషం. పంపు గదిలోని గాలినే పీల్చి బుడగలుగా నీటిలోకి నెడుతుంది. దోమల మందు పెట్టిన ప్లగ్గు పక్కనే పంపు ప్లగ్గు ఉన్న ఇంట్లో నీటి పరీక్షలన్నీ సరిగ్గా వచ్చినా చేపలు తేరుకోకపోవడంలో వింత లేదు. పంపును మందు వాడని గదిలోకి మార్చి, పొడుగు గొట్టంతో గాలి అందించండి. గోడలకు మందు కొట్టేవారు వచ్చిన రోజున పంపు ఆపి, తొట్టిపై తడిగుడ్డ కప్పి, గదికి గాలి బాగా తగిలిన తరువాతే మళ్ళీ నడపండి. అంతసేపూ గాలి ఆడదు కనుక చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నాయేమో మధ్యమధ్య చూడాలి.

ఒక జాతి మాత్రమే కుంగిపోతుంటే నీటి కాఠిన్యమే, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదే, నా మొదటి అనుమానం. మన ప్రాంతంలో దీనికి ఇచ్చే ప్రాధాన్యం చాలా తక్కువ. గోపాల్‌పూర్ వైపు తీరపు బోర్లలో నీరు ఉప్పగానో కఠినంగానో ఉండడం మామూలే. రాయగడ, కోరాపుట్ కొండల మీది వాగు నీటిలో, వాన నీటిలో ఖనిజాలు తక్కువ. మోలీ, గప్పీ, ప్లాటీ వంటి పిల్లల్ని కనే చేపలకు కఠిన జలం కావాలి. మృదు జలంలో మోలీ ముందుకు కదలకుండా ఉన్నచోటనే ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది. దానిని జబ్బుగా భావించి మందు వేస్తే ఫలితం ఉండదు. అమెజాన్ నుంచి వచ్చిన నియాన్ టెట్రా, డిస్కస్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు.

మీ నీటి స్వభావం వంటింట్లోనే కొంత తెలుస్తుంది. కందిపప్పు తొందరగా ఉడకకపోయినా, సబ్బు నురగ రాకపోయినా, బిందె లోపల తెల్లని పొర కట్టినా అది కఠిన జలమే. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు అంకెను మాత్రం నమ్ముకోకండి. తీరపు బోరులో ఆ అంకె వంట ఉప్పు వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి, కాఠిన్యాన్ని విడిగా కొలిచే కిట్టు అవసరం. మృదు జలంలో మోలీలను పెంచాలనుకుంటే సముద్రపు ఒడ్డున ఏరిన గవ్వలను బాగా మరిగించి, కడిగి, చితక్కొట్టి, పలుచని గుడ్డ సంచిలో కట్టి ఫిల్టరులో ఉంచితే సున్నపు అంశం నెమ్మదిగా కరిగి కాఠిన్యం పెరుగుతుంది. కఠిన జలాన్ని మెత్తబరచాలంటే ఆర్‌ఓ నీటిని కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. తొట్టి మొత్తాన్ని ఆర్‌ఓ నీటితో నింపకూడదు. ఇంతకన్నా తేలికైన మార్గం, నిజం చెప్పాలంటే, మీ నీటికి తగిన చేపను ఎంచుకోవడమే.

బోరు నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) తోడిన వెంటనే కొలవకండి. భూమి లోపలి నీటిలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు బయటికి పోయాక పీహెచ్ పెరుగుతుంది. బకెట్‌లో ఒక రోజు గాలి బుడగలు పెట్టాక వచ్చిన అంకే అసలైనది.

ఇక వేడి. కోరాపుట్, సెమిలిగుడ వైపు పుష్య మాసపు రాత్రులలో హీటరు లేని తొట్టిలో ఏంజెల్ చేప మేత ముట్టదు, గోల్డ్ ఫిష్ హాయిగా ఉంటుంది. బరంపురం వేసవిలో గోల్డ్ ఫిష్ అవస్థ పడుతుంది, ఎందుకంటే నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది.

ఒక్క చేపే వెనకబడితే మేత వేసి వెంటనే వెళ్ళిపోకుండా కొంచెం దూరంగా కూర్చుని చూడండి. పెత్తనం చేసే చేప నోటితో కొట్టనక్కరలేదు, పక్కకు తిరిగి రెక్కలు విప్పి నిలబడినా చాలు, బలహీనమైనది మేత దగ్గరికి రాదు. టెట్రాలు, కోరిడోరాస్ వంటివి కనీసం ఆరు ఉంటే తప్ప కుదురుగా తినవు. అడుగున తిరిగే రాత్రిచర చేపలకు దీపం ఆర్పాక మునిగే మేత బిళ్ళలు వేయాలి. ప్లాస్టిక్ కవర్లలో విడిగా అమ్మే పాత మేతలో సీ విటమిన్ చాలా భాగం నశించి ఉంటుంది, అది తిన్న చేపకు కడుపు నిండినా బలం రాదు.

ఇవేవీ కాకపోతే దోషం చేపతోపాటే వచ్చి ఉండవచ్చు. మన వైపు దుకాణాలకు చేపలు ఎక్కువగా హావ్‌డా పరిసరాల నుంచో చెన్నై కొళత్తూరు నుంచో సంచుల్లో వస్తాయి. మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు పీహెచ్‌ను తగ్గించి, అక్కడ పేరుకున్న అమ్మోనియాను దాదాపు నిరపాయకరంగా ఉంచుతుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ లేచి, అదే అమ్మోనియా విషంగా మారి మొప్పలను కాలుస్తుంది. అందుకే దూరప్రయాణం చేసిన చేపల సంచిని విప్పి గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలపడం కంటే, మూసిన సంచిని ఇరవై నిమిషాలు తేల్చి, విప్పిన వెంటనే వలతో చేపను తీసి తొట్టిలో వదలడం మేలు. సరుకు దిగిన రోజున కొనకండి. వారం ఆగి, దుకాణంలో మేత తింటున్న చేపనే ఎంచుకుని, ఇంట్లో మరో చిన్న తొట్టిలో 3, 4 వారాలు విడిగా ఉంచండి.

కొన్నిటికి ఎంత చేసినా ప్రయోజనం ఉండదు. బెలూన్ మోలీ గుండ్రని ఆకారం వంకర వెన్నెముక వల్ల వచ్చినది. కురచ గౌరామిలలో (డ్వార్ఫ్ గౌరామి) ఇరిడోవైరస్ ఉంటే మందు లేదు. రంగు పాలిపోయి, తెల్లని మచ్చతో గుంపుకు దూరమైన నియాన్‌కు సోకినది చాలాసార్లు కండరాలను తినే పరాన్నజీవి. దానికీ చికిత్స లేదు. గప్పీ జీవితకాలం సుమారు 2 ఏళ్ళు కనుక, పెద్దదిగా కొన్న చేప త్వరగా ముసలిదవుతుంది.

మేత తింటూనే పొట్ట లోపలికి పోయి, వెన్ను వంగిన చేపకు చేపల క్షయ సోకి ఉండవచ్చు. ఆ బాక్టీరియా మనిషి చర్మానికీ అంటుతుంది కాబట్టి, చేతిపై గాయం ఉంటే గ్లోవ్స్ లేకుండా ఆ తొట్టిలో చెయ్యి పెట్టకూడదు. అటువంటి చేపను వేరు చేయండి, దానికి వాడిన వలను మరో తొట్టిలో ముంచకండి, చనిపోతే పాతిపెట్టండి. జాలిపడి నాగావళిలోనో వంశధారలోనో ఊరి చెరువులోనో వదలకండి. అలా వదిలిన అక్వేరియం సక్కర్ చేపలే ఆంధ్రలో దెయ్యం చేపలన్న పేరుతో జాలర్ల వలలు చింపుతున్నాయి.