మేడ మీద చామంతి

విశాఖలో చామంతికి ఎండ కన్నా వీధి దీపంతోనే ఎక్కువ చిక్కు. రాత్రులు పొడుగైతేనే మొగ్గ తొడిగే మొక్క ఇది. మా మేడ మీద దీపం వెలుగు పడే మూలన కుండీలు ఆకులే పెంచుతాయి. ట్యాంకు చాటున ఉన్నవి కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర ఉత్సవాల నాటికి విరగబూస్తాయి. అందుకే కుండీ కొనేముందు రాత్రి పూట మేడెక్కి చీకటి ఎక్కడుందో చూసుకోండి. పగలు మాత్రం అక్కడ ఎండ పడాలి.

జూన్, జూలైలలో ముదరని కొమ్మ కొనలను మూడంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో నాటి నీడన ఉంచండి. రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపిన కుండీలోకి మార్చండి. నీరు నిలవకపోతే చాలు, మట్టి విషయంలో ఇది పేచీకోరు కాదు.

అసలు పని తలలు తుంచడం. మొక్క ఆరంగుళాలు ఎదగగానే చివర గిల్లేయాలి. పక్క కొమ్మలు సాగాక వాటికీ అదే శాస్తి. చాలామందికి చేతులు రావు, ఒంటి కాడకు నాలుగు పూలతో సరిపెట్టుకుంటారు. ఆగస్టు చివర గిల్లడం ఆపేయండి.

అక్టోబరంటే తుపానుల భయం. 2014లో హుద్‌హుద్ వచ్చింది ఆ నెల 12నే. హెచ్చరిక వినగానే కుండీలు మెట్ల కిందికి దించండి. గాలి తగ్గాక ఆకుల మీది ఉప్పును మంచినీటితో కడగండి. పేనుబంక పురుగు పడితే సాయంత్రం వేపనూనె చాలు.

పూత అయ్యాక మొక్కను పీకేయకండి. నాలుగంగుళాలు ఉంచి కోస్తే మొదలు దగ్గర పిలకలు వస్తాయి.